ఆవు పట్టేంత వాకిలి

జనవరి 28, మంగళవారం

ఈ రోజు మూడుసార్లు కొలిచాను. మా వాకిలి తలుపు వెడల్పు ఇరవై మూడు అంగుళాలు. ఇవోర్‌కి ఆసుపత్రి వాళ్ళు ఇవ్వబోయే చక్రాల కుర్చీ ఇరవై ఆరు. మూడోసారి టేపుని కాస్త వదులుగా పట్టుకుని చూశాను. అప్పుడూ ఇరవై మూడే.

వార్డులో తేల్చి చెప్పేశారు. కుర్చీ ఇంట్లోకి రావాలి, మెట్లెక్కకుండా వెళ్ళగలిగే చోట మరుగుదొడ్డి ఉండాలి. రెండూ ఉంటే మార్చి నాలుగున మా ఆయన్ని ఇంటికి పంపుతారు. లేకపోతే అదే రోజు సముద్రం ఒడ్డున ఉన్న వృద్ధాశ్రమానికి పంపుతారు. చాలా మంచి చోటట. మంచంలోంచే సముద్రం కనిపిస్తుందట. ఇవోర్ పుట్టినప్పట్నుంచీ కొండ మీద గొర్రెల వెనక తిరిగిన మనిషి, సముద్రం చూస్తే వాంతి చేసుకుంటాడు. ఆ మాట చెప్తే ఆసుపత్రి ఆఫీసులో అమ్మాయి నవ్వింది. నేను నవ్వలేదు.

అసలు సంగతి సముద్రం కాదు. క్రిస్మస్ మర్నాడు పక్షవాతం వచ్చినప్పుడు కుడి చెయ్యి, కుడి కాలుతో పాటు ఇవోర్ ఇంగ్లీషు కూడా పోయింది. 'యెస్', 'నో' కూడా మిగల్లేదు. మిగిలింది మా అమ్మభాష వెల్ష్ ఒక్కటే, అదీ తడబడుతూ. ఆశ్రమంలో వెల్ష్ వచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు, నేను అడిగాను. "పర్లేదండీ, బొమ్మల కార్డులు చూపిస్తారు," అన్నారు. టీ కప్పు బొమ్మ, దుప్పటి బొమ్మ, మూత్రం సీసా బొమ్మ. గొర్రె బొమ్మ ఉందా అన్నాను. లేదట.

తలుపు వెడల్పు చేయిస్తే పోయేదానికి ఎందుకింత గోల? చేయించకూడదు. మా ఇల్లు పాంత్‌హెలిగ్ రక్షిత కట్టడం. గోడకి మేకు కొట్టాలన్నా పాత కట్టడాల రక్షణ శాఖకి అర్జీ పెట్టుకోవాలి. ఆరేళ్ళ క్రితం పట్టుబట్టి ఇంటిని ఆ జాబితాలోకి ఎక్కించింది నేనే. మన పల్లెల వారసత్వం మీద ప్రేమ కొద్దీ.

జనవరి 31

కట్టడాల రక్షణ శాఖ నుంచి మాబ్లి అనే అమ్మాయి వచ్చింది. ముప్ఫై ఏళ్ళు కూడా ఉండవు. నన్ను పలకరించే ముందు ఇంటిని పలకరించింది. గోడ మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకుంది.

"మిసెస్ బేనన్, ఒకసారి ఇక్కడ ముట్టుకోండి."

"పుట్టినప్పట్నుంచీ ముట్టుకుంటూనే ఉన్నానమ్మా. చెమ్మ."

"చెమ్మ కాదండీ, ఊపిరి! మట్టిగోడ ఊపిరి తీసుకుంటుంది."

"మా ఆయన కూడా తీసుకుంటున్నాడు. ఆయన్ని లోపలికి తెచ్చుకోవాలి."

అయ్యో అంది. నిజంగానే అంది, మంచి పిల్ల. కానీ తల పైకెత్తగానే పొయ్యి మీద ఉన్న తడికల గొట్టం కనిపించింది. అల్లిన కర్రల మీద మట్టి మెత్తిన పొగగొట్టం ఈ చుట్టుపక్కల ఇదొక్కటే మిగిలిందట. తర్వాత పైన సగం అటక. తర్వాత రేకుల కప్పు. ఆ రేకుల కింద పాత గడ్డికప్పు అలాగే ఉందనీ, దాని కింద ముళ్ళ పొద కొమ్మలు పరిచి ఉన్నాయనీ, రేకు వేయబట్టే అవన్నీ బతికిపోయాయనీ నాకే చెప్పింది. ఆ రేకులు వేసింది మా నాన్న. గడ్డి కొనలేక వేశాడు.

తలుపు దగ్గరికి వచ్చేసరికి సంచిలోంచి కాగితాలు తీసింది. నా కాగితాలే. ఇంటి చరిత్ర మీద ఆరేళ్ళ క్రితం నేను రాసిచ్చిన పద్నాలుగు పేజీలు. రంగురంగుల చీటీలు అంటించుకుంది.

"చూడండి, మీరే రాశారు. 'ఈ ఇరుకు వాకిలే ఈ ఇంటి ఆత్మ. దిగువ గదిలో జరిగే తొలి ప్రార్థనలకి వచ్చిన మన పూర్వీకులు భుజాలు ఒదిగించి, గర్వాన్ని గడప బయట వదిలి లోపలికి అడుగుపెట్టేవారు.' ఎంత బాగా రాశారండీ! మా ఆఫీసులో అందరికీ చదివి వినిపించాను."

"కుర్చీలో కూర్చున్నవాడు భుజాలెలా ఒదిగిస్తాడమ్మా?"

"అందుకే నాకు బాధగా ఉంది. కానీ ఈ వాక్యం ఉన్నంతవరకూ తలుపు ముట్టుకోనివ్వరు."

వెనక దారిన తెద్దామంటే మూడు మెట్లు, మెట్ల కింద వాగు. దిగువ గదిలో మరుగుదొడ్డి పెట్టుకుంటానన్నాను. గొట్టం కోసం గోడకి కొత్త కన్నం పెట్టకూడదట. పైగా అది ప్రార్థన గది. ఆరో పేజీ చూపించింది.

వెళ్ళేటప్పుడు కంటతడి పెట్టుకుని నన్ను కౌగిలించుకుంది. తర్వాత గోడని కూడా కౌగిలించుకుంది.

ఫిబ్రవరి 2, ఆదివారం

చాపెల్‌లో ఎల్విన్ రెండు వరుసల ముందు కూర్చున్నాడు. మెడ వెనక వెంట్రుకలు కత్తిరించుకోడు. నేనేమీ చూడలేదు, కళ్ళ ముందే ఉంటే ఏం చేస్తాం.

నేను ఎల్విన్‌తో మాట్లాడి ఆరేళ్ళయింది. మా చిన్నాన్న కొడుకు. నాయనమ్మ పోతూ పోతూ ఇంటి ఎగువ భాగం నాకూ, దిగువ గది వాడికీ రాసిపోయింది. వాకిలి ఉమ్మడి. లోపలికి రాగానే ఎడమ పక్క మేం, కుడి పక్క వాడి గది. ఆ గదికి గాజుగోడ పెట్టించి, బయట వేడినీళ్ళ తొట్టి పెట్టించి, ఇంగ్లీషు యాత్రికులకి అద్దెకిస్తానన్నాడు. నేను చీపురు పట్టుకుని బయటికి వస్తే తొట్టిలో బట్టల్లేని మనుషులు "హలో" అంటారన్నమాట. ఆ నెలలోనే నేను చరిత్ర రాశాను. రెండిటికీ ఏ సంబంధమూ లేదు.

ఇల్లు జాబితాకెక్కింది, తొట్టి రాలేదు. ఎల్విన్ గదికి తాళం వేసుకుని పోయాడు. వాడితో మాట్లాడొద్దని ఇవోర్‌కి చెప్పాను. ఇవోర్ సరేనన్నాడు. చిన్నప్పట్నుంచీ వాళ్ళిద్దరికీ స్నేహం, అయినా నా మాట కాదనలేదు. ఇవోర్ అలాంటి మనిషి.

ఫిబ్రవరి 6

వార్డుకి వెళ్ళాను. ఈసారి జిన్సీ అనే నర్సు డ్యూటీలో ఉంది. ఇండియా అమ్మాయి, కేరళ అట. ఇవోర్ దగ్గర తొమ్మిది వెల్ష్ మాటలు నేర్చుకుంది. నీళ్ళు, నొప్పి, చాలు, మంచిది, వాన, గొర్రె, ఇంకేవో. ఇవోర్ ఆమె ఉచ్చారణ దిద్దుతున్నాడు. ఎడమ చేత్తో దిద్దుతున్నాడు.

"ఆశ్రమానికి మీరూ వస్తారా?" అని అడిగాను. నవ్వి, "నా డ్యూటీ ఇక్కడేనమ్మా," అంది.

ఇవోర్ నన్ను ఒకటే అడిగాడు. "ఇంటికెప్పుడు?" అక్షరం అక్షరం కూడబలుక్కుని అడిగాడు. తొందర్లోనే అన్నాను.

ఫిబ్రవరి 11

మాబ్లికి ఫోన్ చేశాను. ఆ తలుపు మొదట్నుంచీ అంత ఇరుకు కాకపోవచ్చు, తర్వాత ఎవరో మట్టి పెట్టి ఇరికించి ఉంటారేమో అన్నాను.

"మీకెలా తెలుసండీ?"

"ఊహ."

"ఆధారం ఉంటే మొత్తం మారిపోతుంది! మొదట వెడల్పుగా ఉందని రుజువైతే, మళ్ళీ వెడల్పు చేయడం మార్పు కిందికి రాదు, పునరుద్ధరణ అవుతుంది."

"అయితే పెచ్చు ఊడదీసి చూడండి. పాత దూలం లోపలుంటుంది."

"ఆధారం లేకుండా పెచ్చు ఊడదీయకూడదండీ."

"పెచ్చు ఊడదీయకుండా ఆధారం ఎక్కణ్ణుంచి వస్తుంది?"

ఆలోచించింది. పాపం చాలాసేపు ఆలోచించింది. "పాత ఫోటో ఏదైనా ఉందా?" అంది.

లేదన్నాను.

ఫిబ్రవరి 13

ఎవరూ చదవరు కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను.

దిగువ గదిలో ప్రార్థనలు జరగలేదు. ఆవులుండేవి. పొయ్యి ఉన్న భాగంలో మనుషులు, దిగువన ఆవులు, ఇద్దరికీ ఒకే వాకిలి. నాయనమ్మ కొత్త కోడలిగా వచ్చినప్పుడు కూడా అంతే. బయట కొత్త పాక కట్టాక తాతయ్య ఆవుల్ని అందులోకి మార్చి, వాకిలికి రెండు పక్కలా మట్టి పెట్టి మనిషి పట్టేంత చేశాడు. "ఆ రోజు నుంచీ మనం మర్యాదస్తులమయ్యాం," అనేది నాయనమ్మ. ఈ సంగతి మా ఇద్దరికే చెప్పింది, నాకూ ఎల్విన్‌కీ. పేడవాసన మాట ఇల్లు దాటకూడదంది.

నేను దాటనివ్వలేదు. కాస్త మెరుగు పెట్టానంతే. పేడ తీసేసి ప్రార్థన పెట్టాను. ఎవరికేం నష్టం జరిగింది? చాపెల్ కమిటీ మురిసిపోయి మా ఇంటి గోడకి రాతిపలక పెట్టించింది. 'ఈ గోడల నడుమ తొలి ప్రార్థనలు జరిగెను.' పాస్టరు మెయ్రిగ్ గారు ఆవిష్కరించారు. నేను కొత్త టోపీ పెట్టుకున్నాను.

ఫోటో ఉంది. నాయనమ్మ వాకిట్లో నిలబడి ఉంటుంది, పక్కన అదే వాకిట్లోంచి సెరెన్ అనే ఆవు సగం బయటికి వచ్చి ఉంటుంది. అది ఎల్విన్ వంటింటి గోడకి వేలాడుతోంది.

ఫిబ్రవరి 14

వాన. వెళ్ళడం కుదరలేదు.

ఫిబ్రవరి 16

ఆదివారం పూట ఒకళ్ళింటికి పోయి అడగడం పద్ధతి కాదు.

ఫిబ్రవరి 18

ఎల్విన్ ఇంట్లో లేనట్టుంది. పొగ రావడం లేదు. సాయంత్రం వచ్చింది, కానీ అప్పటికి నేను బూట్లు విప్పేశాను.

ఫిబ్రవరి 20

వార్డుకి వెళ్తే జిన్సీ సెలవులో ఉంది. ఇవోర్ పొద్దుట్నుంచీ ఎవరితోనూ మాట్లాడలేదట. మాట్లాడితే ఎవరికి అర్థమవుతుంది? నన్ను చూడగానే "ఇంటికెప్పుడు?" అన్నాడు. పక్కమంచం మీద ముసలాయన ఆ రెండు ముక్కలూ నేర్చేసుకున్నాడు. ఇవోర్ కంటే ముందు ఆయనే అడుగుతున్నాడు.

ఫిబ్రవరి 21, శుక్రవారం

వెళ్ళాను.

తలుపు తీసే ఉంది. ఎల్విన్ బేకన్ వేయిస్తున్నాడు. కుక్క కూడా లేచి చూసి మళ్ళీ పడుకుంది.

"ఏంటే గ్వెన్, దారి తప్పావా?"

"దారి తప్పడానికి ఇదేమన్నా లండనా? నాయనమ్మ ఫోటో కావాలి."

"ఏ ఫోటో?"

"నీకు తెలుసు."

"నాకు చాలా తెలుసు. నువ్వు నోరు తెరిచి చెప్పు."

"ఆవుది."

"ఆవా!" పెనం పొయ్యి మీంచి దించేశాడు. "పాంత్‌హెలిగ్‌లో ఆవేంటే? ప్రార్థనలు కదా జరిగేవి! ఓహో, సెరెన్ అక్కగారా? నాలుక్కాళ్ళ మీద మోకరిల్లేది, ఆవిడా?"

"అయిందా?"

"ఇంకా ఉంది. ఆరేళ్ళు దాచుకున్నాను, అన్నీ ఒకేసారి అననీ. తోకతో పాట పుస్తకం పేజీలు తిప్పేదటగా?"

నిలబడి విన్నాను. కూర్చోమనలేదు, అన్నా కూర్చునేదాన్ని కాదు. తిట్టడం అయ్యాక గోడ మీంచి ఫోటో తీసి పాత పేపరులో చుట్టి నా చేతికిచ్చాడు. షరతు ఏదో పెడతాడని ఎదురుచూశాను. ఏమీ పెట్టలేదు. దానికీ ఒళ్ళు మండింది.

"దిగువ గది కూడా కావాలి," అన్నాను. "ఇవోర్ మంచానికి."

"వేసుకోండి. తాళం చెవి ఇవోర్ దగ్గరే ఉందిగా."

"ఇవోర్ దగ్గరా?"

ఎల్విన్ తల గోక్కున్నాడు. అప్పుడు చెప్పాడు. ఆరేళ్ళుగా ప్రతి గురువారం, నేను చాపెల్‌లో ఆడవాళ్ళ సమావేశానికి వెళ్ళగానే, వీళ్ళిద్దరూ ఆ దిగువ గదిలో బంగాళాదుంప బస్తాల మీద కూర్చుని ఫ్లాస్కులో టీ తాగుతున్నారట. నా ఇంట్లో. గోడకి అవతల. నేను తిరిగి వచ్చే వేళకి ఎల్విన్ కిటికీలోంచి దిగి వెళ్ళిపోయేవాడట. అరవై ఏళ్ళు దాటినవాడు, కిటికీలోంచి.

"మరి అప్పుడే ఈ ఫోటో ఆఫీసులో చూపించి నా రాతలు అబద్ధమని ఎందుకు చెప్పలేదు? నీ గది నీకు దక్కేదిగా?"

"చూపిద్దామనే బయల్దేరాను. ఇవోర్ వచ్చి గేటు దగ్గర అడ్డంగా నిలబడ్డాడు. 'గ్వెన్ పరువు పోతుందిరా, ఊళ్ళో తలెత్తుకోలేదు, వదిలేయ్' అన్నాడు. వదిలేశాను."

ఆ వంటింట్లో పొగ పోయే దారి సరిగ్గా లేదు. కళ్ళు మండి ఇంటికి వచ్చేశాను.

ఫిబ్రవరి 24

మాబ్లి ఫోటో చూసి నేల మీద కూర్చుండిపోయింది. తిడుతుందనుకున్నాను. అబద్ధం రాసిచ్చినందుకు కేసు పెడుతుందేమోనని మంచి కోటు కూడా వేసుకుని సిద్ధంగా ఉన్నాను.

"ఆవుల ఇల్లు," అంది. "మనుషులూ పశువులూ ఒకే కప్పు కింద! మిసెస్ బేనన్, ప్రార్థన గదులు జిల్లాలో ముప్ఫై ఉన్నాయి. ఇలాంటి పొడుగిల్లు లోపల ఏమీ చెదరకుండా మిగిలింది ఇదొక్కటే!"

నేను సిగ్గుపడి దాచిందానికి విలువ ఎక్కువట. గర్వంగా రాసిందానికి తక్కువట. ఇంటికి హోదా పెంచాలని సిఫారసు చేస్తుందట. తలుపు వెడల్పుకి అనుమతి వస్తుంది, అత్యవసరం అని రాస్తుంది.

"నాలుగో తారీఖులోపు?"

తల వంచుకుంది. "మూడు నాలుగు వారాలు పడుతుందండీ. ఈ ఫోటో నెలాఖరులో దొరికి ఉంటే..." అని, నెలాఖరు అంటే జనవరిది అని విడమరిచి చెప్పింది. నాకు అర్థమైంది.

ఇంకొకటి. పాత చరిత్ర తప్పని, దాని ప్రతి అందుకున్న వాళ్ళందరికీ నేనే తెలియజేయాలట. అంటే చాపెల్ కమిటీకి.

ఫిబ్రవరి 25

జనవరి ఇరవై ఎనిమిది నుంచి ఫిబ్రవరి ఇరవై ఒకటి వరకూ ఇరవై నాలుగు రోజులు. ఊరికే రాశాను.

మార్చి 1, శనివారం

డేవిడ్ పుణ్యపురుషుడి పండగ. చాపెల్ వెనక హాల్లో విందు. ఆనవాయితీ ప్రకారం అందరి కోట్లకీ ఉల్లికాడలు గుచ్చి ఉన్నాయి, బల్లల మీద గొర్రెమాంసం పులుసు. ఈసారి దుంపలు ఉడకలేదు. పాస్టరు గారి ప్రసంగం అవగానే లేచాను.

"దిగువ గదిలో ప్రార్థనలు జరగలేదు. ఆవులుండేవి. నేను అబద్ధం రాశాను. పలక తీసేయండి."

నాలుగే నాలుగు వాక్యాలు. పొద్దుట్నుంచీ అద్దం ముందు చెప్పుకున్నాను. పాస్టరు గారి చెంచా పులుసులో పడింది.

అప్పుడు మాల్డ్విన్ తాత, తొంభై ఒకటి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఎన్ని ఆవులు?" అన్నాడు.

"మూడు."

"మూడేనా? మాకు ఐదు."

"మాకు నాలుగావులు, ఒక పందీనూ," అంది ఆ బల్ల చివర ఎవరో.

"మా అమ్మ నన్ను కన్నది ఆవుల పక్కనే. పొయ్యి కంటే అక్కడే వెచ్చగా ఉండేదట."

అంతే, ఇక హాలంతా గోల. ఎవరింట్లో ఎన్ని ఆవులుండేవో, ఎవరి తాత ఏ ఆవుకి ఆనుకుని నిద్రపోయేవాడో. ఊరు ఊరంతా పేడలోంచి పుట్టినట్టే ఉంది. అర్ధగంట క్రితం వీళ్ళే మేజోళ్ళు సర్దుకుని కీర్తనలు పాడారు.

"అంటే మీ అందరికీ తెలుసా?" అన్నాను.

"తెలుసు," అన్నాడు మాల్డ్విన్ తాత.

"ఆరేళ్ళుగా?"

"పలక పెట్టిన రోజు నుంచీ."

"మరి ఒక్కరూ ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు కొత్త టోపీ కొనుక్కున్నావు కదమ్మా. ఎలా చెప్తాం?"

పాస్టరు గారు పాపం తేరుకోలేదు. "మరి ఆ పలక సంగతి?" అన్నారు.

"ఉండనివ్వండి పాస్టరు గారూ," అన్నాడు తాత. "ఆవులు ప్రార్థన చేయలేదని మీరేమన్నా చూశారా?"

ఎల్విన్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. నవ్వలేదు. వాడు నవ్వి ఉంటే బాగుండేది.

మార్చి 4

తీసుకెళ్ళారు. సముద్రం బాగానే కనిపిస్తోంది.

మార్చి 9

రెండు బస్సులు మారి వెళ్ళాను. అక్కడి వాళ్ళు మంచివాళ్ళు. ఇవోర్‌కి నున్నగా గడ్డం గీశారు, జుట్టు దువ్వారు, పాపిడి తప్పు వైపు తీశారు. ఏం కావాలన్నా కార్డు చూపిస్తే చాలట.

"ఇంటికెప్పుడు?" అని అడగలేదు. నేనే చెప్పాను, తలుపు పని మొదలవుతుందని, నెల కూడా పట్టదని. నా మొహం వంక చూసి దిండు పక్కన చెయ్యి పెట్టి, దుప్పటి బొమ్మ ఉన్న కార్డు తీసి నా చేతిలో పెట్టాడు.

వెల్ష్‌లో అడుగు ఇవోర్ అన్నాను. నాతో అడుగు అన్నాను. మళ్ళీ కార్డే చూపించాడు.

దుప్పటి కప్పాను.

మార్చి 16

అదే. కార్డులు.

మార్చి 21

అనుమతి వచ్చింది. పదకొండు షరతులు. తొమ్మిదోది: పని ఆ మట్టిగోడల పద్ధతి తెలిసిన మేస్త్రీయే చేయాలి. జిల్లా జాబితాలో అలాంటి మేస్త్రీ ఒక్కడే ఉన్నాడు. పేరు చదివి కాగితం బల్ల మీద బోర్లా పెట్టాను.

తిప్పి పెట్టినంత మాత్రాన పేరు మారదు. ఫోన్ చేశాను.

"సోమవారం వస్తా," అన్నాడు ఎల్విన్. "గడ్డి నువ్వు కొయ్యి. చిన్నగా, వేలెడంత. టోపీ పెట్టుకుని మాత్రం కొయ్యకు."

మార్చి 27

పెచ్చు ఊడదీశారు. తాతయ్య పెట్టిన మట్టి ఇటుపక్కా అటుపక్కా కడ్డీ పెట్టి పెళ్ళగిస్తే గడ్డలు గడ్డలుగా ఊడి వచ్చింది. పైన పాత ఓక్ దూలం, నల్లగా, ఎక్కడా చెక్కుచెదరలేదు. దాని కింద వాకిలి వెడల్పు నాలుగడుగుల ఒక అంగుళం. పక్క నిలువు కర్రలు నడుము ఎత్తున నున్నగా అరిగిపోయి ఉన్నాయి. వందేళ్ళకి పైగా ఆవులు పొట్టలు రాసుకుంటూ దాటిన చోటు. ఎల్విన్ అక్కడ చెయ్యి పెట్టి చూశాడు. నేను కూడా పెట్టాను.

దిగువ గోడ అడుగున రాళ్ళు పెట్టి మూసిన కన్నం కూడా దొరికింది. పేడనీళ్ళు బయటికి పోయే కాలువది. కొత్త కన్నం కాదు కాబట్టి మరుగుదొడ్డి గొట్టం అందులోంచి పోవచ్చట. మాబ్లి బోర్లా పడుకుని ఆ కన్నంలో తల దూర్చి సంతోషంతో ఏడ్చింది. జుట్టంతా బూజు.

"అక్కడ ఏం కనిపిస్తోందే?" అన్నాడు ఎల్విన్.

"చరిత్ర!" అంది లోపల్నుంచి.

"అది పేడ తల్లీ. లే."

ఏప్రిల్ 2

మట్టి తొక్కడం. ఎల్విన్ ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, మట్టీ గడ్డీ నీళ్ళూ కలిపి కాళ్ళతో తొక్కుతున్నాడు. ఇదివరకు ఈ పనికి ఆవుల్ని తిప్పేవారట.

"నీకూ రెండు కాళ్ళున్నాయిగా," అన్నాడు. మేజోళ్ళు విప్పి దిగాను. మట్టి మహా చల్లగా ఉంది. పని చేసినంతసేపూ ఇద్దరం ఒక్క మాట కూడా అనుకోలేదు. అదే నయం, అనుకుంటే కొట్టుకునేవాళ్ళం.

ఏప్రిల్ 8, మంగళవారం

ఇవోర్ వచ్చాడు. కుర్చీ వాకిట్లోంచి లోపలికి వచ్చింది, రెండు పక్కలా పదకొండేసి అంగుళాలు మిగిలాయి. మాబ్లి ఫోటో తీసింది. ఎల్విన్ కుర్చీ తోసి, మంచం దగ్గర ఆపి, పని ఉందని వెళ్ళిపోయాడు.

ఇవోర్ కొత్త వాకిలిని చూడలేదు. దూలాన్ని చూడలేదు. కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు, సముద్రం కోసమో ఏమో. ఏం కావాలి ఇవోర్ అన్నాను. జేబు తడుముకుని టీ కప్పు బొమ్మ తీశాడు.

ఆ కార్డులన్నీ తీసుకుపోయి పొయ్యిలో వేశాను.

ఏప్రిల్ 9

రోజంతా మాట్లాడాను. గొర్రెలు ఈనిన సంగతి, మాల్డ్విన్ తాత సంగతి, ఊళ్ళో అందరి సంగతులు. ఒక్క మాట తిరిగి రాలేదు. కార్డులు లేకపోయేసరికి కావాల్సిన వాటిని వేలితో చూపిస్తున్నాడు.

ఏప్రిల్ 10

ఈ రోజు కూడా నేనే మాట్లాడాను.

ఏప్రిల్ 11

డాక్టరు ఫోన్‌లో చెప్పాడు. వాడకపోతే మాట పోతుందట, మళ్ళీ వస్తుందో రాదో చెప్పలేమట. ఆశ్రమంలో ఎన్నాళ్ళున్నాడు అని అడిగాడు. ముప్ఫై అయిదు రోజులన్నాను. అందులో ఇరవై నాలుగు నావని చెప్పలేదు. డాక్టరు అడగలేదు కూడా.

ఏప్రిల్ 12, శనివారం

మధ్యాహ్నం ఎల్విన్ వచ్చాడు, తలుపు పక్క కొత్త మట్టికి చివరి సున్నం పూత వేయడానికి. నేను వెనక టీ పెడుతున్నాను.

సున్నం బ్రష్షు చప్పుడు. తర్వాత చప్పుడు ఆగింది. తర్వాత ఎల్విన్ గొంతు, "ఒరేయ్, పోయినేడు సంతలో నీ పొట్టేలుకి ఎంత పలికిందో ఊళ్ళో వాళ్ళకి అబద్ధం చెప్పావంట?"

నేను కెటిల్ పట్టుకుని నిలబడ్డాను.

"నీ... పొట్టేలు... కుంటిది," అన్నాడు ఇవోర్.

కెటిల్ కింద పెట్టేశాను. ఎల్విన్ ఏదో అన్నాడు, ఇవోర్ ఏదో అన్నాడు. మాటకీ మాటకీ మధ్య ఒక గొర్రె దాటి వెళ్ళేంత సందు ఉంది, అయినా మాటలే. నా గురించి కూడా అనుకున్నారు. 'టోపీ' అన్నది స్పష్టంగా వినిపించింది. తర్వాత ఇవోర్ నవ్వాడు, సగం మూతితో, గురగురమని. నాలుగు నెలల్లో ఆ చప్పుడు నేను వినలేదు. ఆరేళ్ళుగా గురువారాల్లో గోడకవతల ఇదే చప్పుడు ఉండేదన్నమాట, నేను వెళ్ళిపోయాక.

టీ తీసుకుని లోపలికి వెళ్ళలేదు. వెళ్తే ఆగిపోతుందేమోనని భయం. అవును, భయమే. టీ చల్లారిపోయింది, ఇంకోసారి పెట్టాను, అదీ చల్లారింది.

ఐదు గంటలకి ఎల్విన్ బకెట్టు కడిగి, "ఇక అయిపోయింది గ్వెన్, పని పూర్తయింది, వస్తా," అన్నాడు.

నేను బయటికి వచ్చి గోడ చూశాను. తెల్లగా, ఎక్కడా వంక పెట్టడానికి లేకుండా ఉంది.

"ఏం పూర్తయింది?" అన్నాను. "ఇటు చూడు, ఇంకా మట్టి కనిపిస్తోంది. ఇంకో పూత కావాలి. సోమవారం రా."

ఎల్విన్ గోడ వంక చూశాడు, నా వంక చూశాడు.

"ఎన్ని పూతలు పడతాయంటావ్?"

"పడతాయి," అన్నాను. "గురువారం కూడా రావాల్సి ఉంటుంది. తలుపులోంచి రా."